మాట తెలియని పాట



హిందూపురంలో పెరిగిన పిల్లల చెవులకు ఒక అలవాటు ఉంటుంది. అర్థం కాని పాటను కూడా చివరిదాకా వింటారు. మా ఇంట్లో తెలుగు, వెనకింట్లో కన్నడం, వీధి మూల టీ అంగట్లో ఉర్దూ. రేడియో ముల్లు కొంచెం జరిపితే చాలు, బెంగళూరు స్టేషను మన స్టేషన్ల కంటే గట్టిగా పలికేది. రాజ్‌కుమార్ పాటలు నాకు కన్నడం రాకముందే వచ్చాయి. మాటలు తర్వాత ఎప్పుడో, ఒకటొకటిగా, చుట్టాలు ఇంటికి వచ్చినట్టు వచ్చాయి.

పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసుకు మా నాయన మమ్మల్ని తీసుకుపోయేవాడు. రాత్రి ఖవ్వాలీ. పాడేవాళ్ళు ఉర్దూలోంచి ఫారసీలోకి, ఫారసీలోంచి ఉర్దూలోకి పోతుంటారు. మా నాయనకు వచ్చిన ఉర్దూ బజారులో బేరం చేసేంత మటుకే. అయినా ఒకచోట, పెద్దాయన చెయ్యి పైకెత్తి ఒకే మాటను నాలుగైదు సార్లు తిప్పి తిప్పి అన్నప్పుడు, మా నాయన భుజం మీది తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. "ఏమన్నాడు నాయనా?" అని అడిగాను. "ఏమో రా, తెల్దు. గొంతు అట్లుంది" అన్నాడు.

ఆ చెవి గురించి మాట్లాడాలనే ఈ రోజు మీ ముందుకు వచ్చాను. అందుకోసం మీకు ఒక రికార్డును పరిచయం చేస్తాను. కాక్టో ట్విన్స్ అనే స్కాట్లండు బృందం 1990 సెప్టెంబరులో విడుదల చేసిన రికార్డు, పేరు 'హెవెన్ ఆర్ లాస్ వేగాస్'. పది పాటలు, 37 నిమిషాల పైచిలుకు. పెనుకొండలో ప్యాసింజరు బండి ఎక్కి మొదలుపెడితే ఇంచుమించు హిందూపురం దిగేలోగా అయిపోతుంది. నేను అట్లా చాలాసార్లు విన్నాను. కిటికీలోంచి బండలు, చింత చెట్లు, మల్బరీ తోటలు పోతూ ఉంటాయి. ఎక్కడి స్కాట్లండు, ఎక్కడి మన సీమ అనిపించదు.

ఆ రికార్డు నా దగ్గరికి వచ్చిన దారి చెప్పాలి. ఇంటర్ అయిన తర్వాత బెంగళూరులో ఒక కాలేజీలో చేరాను. హాస్టల్లో సాయంత్రాలు పిల్లలంతా చేరి ఇంగ్లీషు పాటలు పాడేవాళ్ళు. నాకు వరసలు ఇట్టే పట్టుబడేవి, మాటలు పట్టుబడేవి కావు. ఒక రోజు ఉత్సాహం ఆపుకోలేక నేనూ గొంతు కలిపాను. నాకు వినపడిన మాటలు నేను పాడాను. అవి ఆ పాటలో ఉన్న మాటలు కావు. గది గదంతా నవ్వింది. తర్వాత వారం రోజులు నేను ఎదురుపడితే చాలు, ఎవరో ఒకరు నా మాటలతో ఆ వరస ఎత్తుకునేవాళ్ళు. ఆ రోజు నుంచి ఇంగ్లీషు పాట వినిపిస్తే నోరు మూసుకోవడం నేర్చుకున్నాను. ఇది చదువుకున్నవాళ్ళ పాట, మనది కాదు అని ఒక తీర్మానానికి వచ్చేశాను. ఈ మాట ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పటికీ మన ఊళ్ళలో పిల్లలు అదే తీర్మానంతో ఎన్నో పాటలకు దూరంగా ఉండిపోతున్నారు. నాకు అది చూస్తే బాధగా ఉంటుంది.

మరుసటి ఏడాది మా గదిలోకి కొత్తగా వచ్చిన అబ్బాయి ఒక క్యాసెట్టు పెట్టాడు. ఆడగొంతు. పై స్థాయిలో తీగలా సాగుతోంది, ఉన్నట్టుండి కిందికి దూకి అక్కడే చిన్న చిన్న మెలికలు తిరుగుతోంది. వెనక గిటారు ఉందని చెబితే నమ్మాలి తప్ప గిటారులా లేదు, వాన తెరలా ఉంది. గదిలో మహా ఇంగ్లీషు వచ్చినవాళ్ళు నలుగురున్నారు. "ఏమంటోంది?" అని అడిగాను. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. క్యాసెట్టు పెట్టిన అబ్బాయి నిదానంగా అన్నాడు: "ఎవరికీ తెలీదు. ఇంగ్లండులో వాళ్ళకు కూడా."

నా చెవికి ఆ రోజు మళ్ళీ ప్రాణం లేచొచ్చింది.

ఈ తరహా సంగీతానికి డ్రీమ్ పాప్ అని పేరు. కల పాట అనుకోండి. లండన్‌లో ఏ.ఆర్.కేన్ అనే ఇద్దరు కుర్రాళ్ళ జట్టు తమ పాటల గురించి చెప్పుకోవడానికి 1980ల చివర ఈ మాట వాడిందంటారు. పేరు ఎవరు పెట్టినా, దానికి రూపం వచ్చింది మాత్రం కాక్టో ట్విన్స్ చేతుల్లోనే. మామూలు పాటలో గొంతు ముందు నిలబడుతుంది, మాట స్పష్టంగా ఉంటుంది, వాయిద్యాలు వెనక నిలబడతాయి. కల పాటలో ఆ వరస ఉండదు. గొంతు కూడా వాయిద్యాల్లో ఒకటై కలిసిపోతుంది.

వాళ్ళు పెద్ద నగరం నుంచి రాలేదు. స్కాట్లండులో గ్రేంజ్‌మౌత్ అనే చిన్న ఊరు. అప్పట్లో చమురు శుద్ధి కర్మాగారం నడిచిన ఊరు; గొట్టాలు, పొగ, షిఫ్టు డ్యూటీలు. 1979లో రాబిన్ గత్రీ, విల్ హెగ్గీ అనే ఇద్దరు కుర్రాళ్ళు జట్టు కట్టారు. తర్వాత ఎలిజబెత్ ఫ్రేజర్ అనే అమ్మాయి వాళ్ళతో చేరింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. డ్రమ్ములు వాయించే మనిషి లేడు, అందుకని తాళానికి యంత్రాన్ని పెట్టుకున్నారు. వాళ్ళ మొదటి రికార్డు 1982లో ఫోర్ ఏడీ అనే చిన్న స్వతంత్ర సంస్థ ద్వారా వచ్చింది. ఇండీ అనే మాటకు అర్థం అదే. పెద్ద కంపెనీల ప్రమేయం లేకుండా, తమ దారిన తాము చేసుకునే సంగీతం. హెగ్గీ వెళ్ళిపోయాక సైమన్ రేమండ్ వచ్చాడు. చివరిదాకా నిలిచింది ఆ ముగ్గురే.

గ్రేంజ్‌మౌత్ పేరు వింటే నాకు మా ఊరి దగ్గరి తూముకుంట ఫ్యాక్టరీల దారి గుర్తొస్తుంది. అక్కడ షిఫ్టు దిగి సైకిలు తొక్కుకుంటూ పోయే కుర్రాడి గొంతులో ఏం పాట ఉందో మనం ఎప్పుడైనా ఆగి విన్నామా?

ఇక ఆమె మాటల సంగతి. ఫ్రేజర్ కొన్ని మాటలు తానే పుట్టించేది. కొన్ని మాటలు పరాయి భాషల పుస్తకాల్లోంచి, నిఘంటువుల్లోంచి ఏరుకునేది. వాటి అర్థం తనకే తెలియదని ఆమె స్వయంగా చెప్పింది. మాట రుచి నోటికి నచ్చాలి, అంతే. 1985లో వచ్చిన ఒక చిన్న రికార్డులో కొన్ని పాటలకు సీతాకోకచిలుకల పేర్లు పెట్టుకుంది. పట్టుగూళ్ళ మార్కెట్టు ఉన్న ఊరివాళ్ళం మనం, రెక్కల పురుగు పేరు పాటకు పెట్టుకుంటే మనకు వింత అనిపించకూడదు.

అర్థం లేని మాటతో పాడితే అది పాటేనా అని పెద్దలు అడుగుతారు. అడగనీయండి. కచేరీ చివర తిల్లానా పాడతారు. దాంట్లో చాలా మటుకు జతులే, నిఘంటువులో దొరికే మాటలు ఎన్నుంటాయి? ఆలాపన గంటసేపు సాగినా ఒక్క మాట ఉండదు. బుర్రకథలో వంతల 'తందాన తాన' లేకపోతే కథకుడికి ఊపిరి అందదు. మన అమ్మలు బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నాలుక ఆడిస్తూ చేసే 'ళుళుళు' ఏ భాష? బిడ్డకు అర్థమైంది కాబట్టే నిద్రపోయింది. నోటికి మాట రాకముందు రాగం ఉంది. ఫ్రేజర్ ఆ చోటికి వెళ్ళి పాడింది.

గిటారు సంగతి చెప్పాలంటే మీరు నాతో కొంచెం ధర్మవరం రావాలి.

మా అవ్వ వాళ్ళ ఊరు ధర్మవరం. ఎండాకాలం సెలవులన్నీ అక్కడే. తెల్లవారి ఇంకా మసక మసకగా ఉండగానే వీధిలో మగ్గాలు మొదలవుతాయి. కాలి కింద చెక్క తొక్కిన చప్పుడు, నాడె ఇటు నుంచి అటు పోయిన చప్పుడు, అచ్చు వచ్చి పేకను కొట్టిన చప్పుడు, పైన జకార్డు అట్ట ఒకటి తిరిగిన చప్పుడు. ఒక ఇంటి ముందు నిలబడితే ఈ నాలుగూ విడివిడిగా వినపడతాయి. వీధి మధ్యకు వచ్చి నిలబడండి. అటు పది, ఇటు పది మగ్గాలు. అన్నింటిదీ ఇంచుమించు ఒకే నడక, కానీ ఏ రెండూ కలిసి పడవు. ఒకటి వెంట్రుక వాసి ముందు, ఒకటి వెంట్రుక వాసి వెనక. చప్పుళ్ళన్నీ ఒకదాని అంచు మీద ఒకటి పడి, చివరికి ఏది ఏ ఇంటిదో తెలియని ఒక పెద్ద రొద అవుతుంది. అది కదులుతూనే ఉంటుంది, ఉన్నచోటే ఉంటుంది.

రాబిన్ గత్రీ చేసింది సరిగ్గా అదే. గిటారు తీగకూ శబ్దం పెంచే పెట్టెకూ మధ్యన, కాలితో నొక్కే చిన్న చిన్న యంత్రాలు పెట్టుకున్నాడు. వాటిలో ఒకదాని పేరు కోరస్. తీగ మీద ఒక్కసారి మీటితే అది ఆ ధ్వనికి నకలు తీస్తుంది, ఆ నకలును సెకనులో వందో వంతో యాభయ్యో వంతో ఆలస్యం చేస్తుంది, శ్రుతిని రవ్వంత అటూ ఇటూ ఊపి అసలుదానితో కలుపుతుంది. ఒక్క గిటారు పది గిటార్లుగా వినపడుతుంది. ఒక్క మగ్గం వీధి అయిపోతుంది. ఇంకో యంత్రం పేరు డిలే. పెనుకొండ కొండ మీద ఎదురుగా ఉన్న బండకేసి మీరు ఎప్పుడైనా కేక పెట్టే ఉంటారు. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. బండ 170 మీటర్ల దూరంలో ఉంటే పోయి రావడానికి ఒక సెకను పడుతుంది. ఆ బండ చేసే పనిని ఈ పెట్టె చేస్తుంది. ఎంత దూరంలో బండ కావాలో మీట తిప్పి చెప్పుకోవచ్చు. మూడోది రివర్బ్. అది రాతి మండపం. లెక్కలేనన్ని గోడల నుంచి లెక్కలేనన్ని ప్రతిధ్వనులు ఒకేసారి తిరిగొస్తే మీటిన చోటు ఏదో, మిగిలిన చోటు ఏదో తెలియదు. ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి కట్టి గత్రీ ఆ వాన తెర తయారుచేశాడు. గొప్ప వేగంగా వేళ్ళు ఆడించే గిటారిస్టు కాడు ఆయన. అద్దకంవాడికి రంగు ఎట్లాగో ఆయనకు ధ్వని అట్లా.

రాతి మండపం అన్నాను కాబట్టి లేపాక్షి ప్రస్తావన రాక తప్పదు. విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు పెనుకొండలో విజయనగర రాజుల కొలువులో ఉండేవాళ్ళు. 16వ శతాబ్దంలో, అచ్యుతరాయల కాలంలో, వాళ్ళు కట్టించిన గుడి అది. నాట్యమండపంలో రంభ ఆడుతోంది, మూడు కాళ్ళ భృంగి ఆట నేర్పుతున్నాడు, బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు. ఒక రాత్రి కచేరీ అంతా స్తంభాల మీద ఆగిపోయి ఉంది. వాళ్ళు ఏ పాట పాడుతున్నారో ఎవరూ చెక్కలేదు. అయినా చూసేవాడికి ఏదో వినపడుతుంది.

అదే మండపంలో వేలాడే స్తంభం ఉంది. కింద తువ్వాలు దూర్చి అవతలికి లాగుతారు, మీరూ లాగే ఉంటారు. దగ్గరగా వంగి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఆ స్తంభం పూర్తిగా గాలిలో లేదు. ఒక మూల మాత్రం నేలను తాకుతుంది. ఫ్రేజర్ పాటలో మాట కూడా అట్లాంటిదే. ఒక మూల అర్థానికి తగులుతుంది. బిడ్డ అన్నట్టో, వెలుగు అన్నట్టో ఒక్క మాట తగులుతుంది. మిగతా పాటంతా దాని చుట్టూ తేలుతుంది. పూర్తిగా గాలిలో ఉంటే మనకు పట్టు దొరకదు, పూర్తిగా నేల మీద ఉంటే తువ్వాలు దూరదు.

'హెవెన్ ఆర్ లాస్ వేగాస్' కు ముందున్న రికార్డులతో పోలిస్తే దీంట్లో ఆ మూల ఇంకొంచెం ఎక్కువగా నేలను తాకింది. కారణం ఉంది. 1989లో ఫ్రేజర్‌కు, గత్రీకి ఆడపిల్ల పుట్టింది. ఫ్రేజర్ గొంతులోకి మాటలు వచ్చాయి. 'పిచ్ ది బేబీ' అని పాట పేరులోనే బిడ్డ ఉంది. వాళ్ళు లండన్ దగ్గర థేమ్స్ నది ఒడ్డున సొంత స్టూడియో పెట్టుకుని, గడియారం చూడనక్కరలేకుండా పనిచేశారు. బయటికి చూస్తే అంతా వెలుగే. లోపల అట్లా లేదు. గత్రీ మత్తుమందుల వ్యసనంలో కూరుకుపోయి ఉన్నాడు. రేమండ్ తండ్రి ఐవర్ రేమండ్, 1960లలో డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ పాటలకు వాద్యగోష్ఠి సమకూర్చిన పేరున్న సంగీతకారుడు, ఈ రికార్డు తయారవుతున్న రోజుల్లోనే కన్నుమూశాడు. తండ్రి పోయిన మర్నాడు రేమండ్ పియానో ముందు కూర్చున్నాడు. ఆ రోజు ఆయన వేళ్ళకు దొరికిన వరస ఈ రికార్డులో చివరి పాటకు మొదలు అయింది.

ధర్మవరం చీరల్లో రెండు రంగుల చీర ఉంటుంది. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. మడత పెట్టి ఉన్నప్పుడు ఏ రంగో చెప్పలేరు. భుజం కదిలితే నెమలి కంఠం, చెయ్యి కదిలితే వంగపండు. రెండు రంగులూ ప్రతి అంగుళంలోనూ ఉంటాయి, ఏదీ దాక్కుని ఉండదు. ఈ రికార్డు నేసింది అట్లాగే. ఇంట్లో ఉయ్యాల కట్టిన ఏడాది, పక్క ఇంట్లో పాడె కట్టిన ఏడాది, ఒకే మగ్గం మీద. బిడ్డ పాటలో దుఃఖం వినపడుతుంది, తండ్రి పోయిన పియానో మీద ఆమె గొంతు ఎగిరి ఎగిరి ఆనందపడుతుంది. ఇది ఏడుపు, ఇది సంతోషం అని రెండు డబ్బాల్లో పెట్టి ఇచ్చే పాటలు మనకు చాలానే ఉన్నాయి. ఈ రికార్డును నేను ముప్పై ఏళ్ళుగా దగ్గర పెట్టుకోవడానికి కారణం అది అట్లా ఇవ్వకపోవడమే.

బ్రిటన్‌లో అమ్మకాల పట్టికలో 7వ స్థానం దాకా వెళ్ళింది. ఆ వెంటనే ఫోర్ ఏడీతో జట్టుకు తెగిపోయింది. ఇంకో సంస్థకు రెండు రికార్డులు చేశారు. 1996లో చివరిది, 1997లో జట్టు విడిపోయింది. ఫ్రేజర్ గొంతు మాత్రం ఆగలేదు. 1998లో మాసివ్ అటాక్ వాళ్ళ 'టియర్‌డ్రాప్' పాటలో విన్నది ఆమెనే. ఇదే కల పాట దారిలో అమెరికాలో బాల్టిమోర్ నుంచి బీచ్ హౌస్ అనే జట్టు 2010లో 'టీన్ డ్రీమ్' అనే రికార్డు తెచ్చింది. మన దేశంలో కలకత్తా కుర్రాళ్ళు నిశ్చయ్ పరేఖ్, జీవ్‌రాజ్ సింగ్ కలిసి పరేఖ్ అండ్ సింగ్ పేరుతో 2016లో 'ఓషన్' అనే రికార్డు తెచ్చారు. హుగ్లీ ఒడ్డున ఈ పాట మొలకెత్తితే పెన్న ఒడ్డున మొలకెత్తదా? గిటారూ, కాలితో నొక్కే రెండు పెట్టెలూ, ఒక కంప్యూటరూ ఉంటే ఇవాళ హిందూపురంలో ఒక చిన్న గదిలో రికార్డు చేసుకోవచ్చు. పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. మీరు కూడా బెంగళూరు యాసలోనో, అమెరికా యాసలోనో పాడనక్కరలేదు. మన వీధి చప్పుడు ముందు వినండి. దర్గాలో పెద్దాయన ఒకే మాటను తిప్పి తిప్పి అన్నది వినండి.

చివరగా మా అవ్వ సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను.

ఆ క్యాసెట్టును ఒక కాపీ చేయించుకుని, ఆ ఎండాకాలం ధర్మవరం తీసుకుపోయాను. అవ్వకు అప్పటికి చూపు తగ్గింది. మగ్గం దిగేసి, నడవలో గోడకు ఆనుకుని రాట్నం మీద కండెలు చుట్టేది. వేళ్ళతో తడుముకునే పని కాబట్టి కళ్ళు లేకపోయినా జరిగిపోయేది. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నేను టేపు రికార్డరు చిన్నగా పెట్టుకున్నాను. అవ్వ రాట్నం ఆపలేదు. రెండు పాటలు అయ్యాక అడిగింది.

"ఎవుర్రా ఆయమ్మ?"

"స్కాట్లండు అవ్వా. చానా దూరం."

"ఏమంటాంది?"

"తెలీదవ్వా. ఎవురికీ తెలీదంట."

నవ్వుతుందేమో అనుకున్నాను. బెంగళూరు నవ్వు ఇంకా నా చెవుల్లో ఉండింది. అవ్వ తల కొంచెం పక్కకు వంచి ఇంకాసేపు వింది. వేళ్ళ మధ్య పట్టుపోగు జారుతూనే ఉంది. ఒకచోట గొంతు ఆగి, గిటారు మాత్రం సాగి, మళ్ళీ గొంతు అందుకుంది.

"పని చేసుకుంటా పాడుకుంటాంది లేరా" అంది అవ్వ. "అక్కడ ఆపింది సూడు, పోగు తెగింటాది. అతుక్కోని మళ్ళా ఎత్తుకునింది."

రాట్నం తిరుగుతోంది. క్యాసెట్టు ఒక వైపు అయిపోయి టక్కున ఆగింది.

"ఇంగో పక్క ఉండాదా?" అని అడిగింది అవ్వ. "ఉంటే తిప్పు."